చలివేంద్రం పెడితే రోహిణి కార్తె దాకా నడపండి

మిర్యాలగూడ రోడ్డు మీద ఇల్లు, ఈ ఎండకాలం దారిన పోయేవాళ్లకు ఇంటి ముందు మంచినీళ్లు పెట్టాలని ఉంది, ఎట్ల మొదలుపెట్టాలని అడిగారు. ఏటా చలివేంద్రం నడిపేవాళ్లకు తెలిసిన సంగతులు ఇవి.

ముందు నీళ్లు. మన నల్లగొండలో బోరు నీళ్లను నమ్మి పదిమందికి పోయకండి. వాటిలో ఉండే ఫ్లోరైడ్ కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. కాగబెడితే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టండి, లేదంటే ఫిల్టర్ నీళ్ల క్యాన్లు తెప్పించండి. ఎండన పడి వచ్చిన మనిషి రెండు గ్లాసులు తాగుతాడు, అంటే దాదాపు అర లీటరు. 20 లీటర్ల క్యాను నలభై మందికి సరిపోతుంది, ఆ లెక్కన చూసుకోండి.

నల్లా ఉన్న మట్టి రంజన్లు రెండు కొనండి. మూత తీసి చెంబు ముంచే కుండలో పదిమంది చేతులు పడతాయి. కొత్త రంజన్‌ను ఒక రోజంతా నీళ్లతో నింపి ఉంచి, ఆ నీళ్లు పారబోయండి. మట్టి వాసన పోయేదాకా రెండు మూడు సార్లు అట్లనే చేయాలి. అందం కోసమని రంగు వేయించవద్దు. నీళ్లు చెమర్చి ఆరితేనే కుండ చల్లబడుతుంది, రంగు ఆ సన్న రంధ్రాలను మూసేస్తుంది. కింద తడి ఇసుక, చుట్టూ తడి గోనెసంచి ఉండాలి. రెండు రోజులకోసారి కొబ్బరి పీచుతో కడగండి. సబ్బు పెడితే మట్టి పీల్చుకుని నీళ్లకు ఆ వాసన పడుతుంది. పడమటి ఎండ తగలని చోటు చూడండి, పొద్దున నీడ ఉన్న గోడ మధ్యాహ్నానికి కాలుతుంది.

చల్ల పోద్దామనుకుంటే లీటరు పెరుగుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు, ఉప్పు, కరివేపాకు. పదకొండుకు మొదలుపెట్టి ఒంటిగంటన్నరకల్లా ముగించండి. ఆ ఎండకు పులిసిపోతుంది, మిగిలింది మరునాటికి దాచకండి. చేపలకు వాడే ఐసుగడ్డ అందులో వేయకండి, అది తాగే నీళ్లతో చేసింది కాదు.

ఇంతకంటే పెద్ద సంగతి గ్లాసు. ఊడ్చే అమ్మ వస్తే ప్లాస్టిక్ గ్లాసు, షావుకారి వస్తే స్టీలు గ్లాసు ఇచ్చే చలివేంద్రాలు ఇంకా ఉన్నాయి. కులాన్ని బట్టి గ్లాసు వేరుచేసే పాత రెండు గ్లాసుల పద్ధతే అది, పేరే మారింది. అందరికీ ఒకే రకం స్టీలు గ్లాసులు పెట్టి, కడగడానికి పక్కన ఒక బకెట్టు ఉంచండి. కొందరు పెద్దవాళ్లు అలవాటుగా దూరంగా నిలబడి, కొంగు సర్దుకుని, దోసిలి పడతారు. పై నుంచి పోయకండి. "అవ్వా, గ్లాసు తీసుకో" అని చేతికివ్వండి. రెండు రోజులు బెదురుతుంది, మూడోనాడు తనే వచ్చి నల్లా తిప్పుకుంటుంది. ఒక స్టూలు కూడా వేయండి. ఆటోడ్రైవర్లు నిలబడే తాగుతారు, తలమీద మూట దించినవాళ్లు మాత్రం కూర్చోవాలి.

తూలుతూ వచ్చినవాళ్లుంటే అది వడదెబ్బ కావచ్చు. నీడకు తెచ్చి, తడిబట్టతో మెడ, చంకలు తుడిచి విసరండి. తెలివి ఉంటే గుక్కగుక్కగా తాగించండి. తెలివి లేకపోతే నోట్లో చుక్క కూడా పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కు ఫోన్ చేయండి.

ఉగాదికి రిబ్బను కట్ చేసి ఫోటోలు దిగిన చలివేంద్రాలు మే నెలకల్లా ఎండిపోతాయి. రోళ్లు పగిలే రోహిణి ఎండలకు ఖాళీ కుండ కనపడితే, దాన్ని నమ్మి నడిచి వచ్చినవాళ్లకు మరీ కష్టం. అందుకే మొదలుపెట్టేముందే పక్కింటివాళ్లతో వంతులు రాసుకోండి. ముఖ్యంగా ఆదివారాలు, పెళ్లి ముహూర్తాల రోజులు, మీరు ఊరెళ్లే రోజులు ఎవరు నింపుతారో పేరుతో సహా రాసి గోడకు అంటించండి. మృగశిర వానలు పడ్డాక రంజన్లను కడిగి, నీడలో ఆరబెట్టి, బోర్లించి దాయండి.