కోస్టా బ్రావాకి ఒక్కరోజు ట్రిప్పు: వ్యాను ఎక్కాలా, బస్సు ఎక్కాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం స్పెయిన్ గురించే. బార్సిలోనాలో పిల్లలున్న అమ్మానాన్నలు, యూరప్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ అత్తమామల్ని తిప్పేవాళ్లు, అందరిదీ ఒకటే గోల. పొద్దున వ్యానులో తీసుకెళ్లి కోస్టా బ్రావా బీచ్‌లు చూపించి రాత్రికి దించేస్తారట కదా, ఆ ట్రిప్పు ఎలా ఉంటుందని. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేసి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి బార్సిలోనాలో ఎమ్మెస్ చేస్తోంది. జూన్‌లో నేనూ మావారూ వెళ్తున్నాం. ఎనిమిది మందిని వ్యానులో ఎక్కించుకుని, గైడు తోడుండి బీచ్‌లు చూపించే ట్రిప్పు బుక్ చేస్తానంటోంది. తలకి వంద యూరోల దాకా అవుతుందట, అంటే ముగ్గురికీ మన డబ్బుల్లో ముప్పై వేల పైమాటే. "సముద్రం చూడ్డానికి అంత డబ్బా, బస్సెక్కితే పోలా" అంటున్నారు మావారు. – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీవారి మాటలో సగం నిజముందండీ. ఏ సగమో చెప్తాను.

టోస్సా దె మార్ అనే తీరపు ఊరొక్కటే చూస్తే చాలనుకుంటే వ్యాను దండగ. బార్సిలోనాలో ఎస్తాసియో దెల్ నోర్ద్ అనే బస్‌స్టాండు నుంచి నేరుగా బస్సుంది, సుమారు గంటన్నరలో దించేస్తుంది. దిగి కాస్త నడిస్తే బీచ్, బీచ్ చివర కొండ మీద విలా వెల్యా అనే పాత కోట ఊరు. గోడలూ బురుజులూ ఇసుక మీదికి దిగి వచ్చేశాయా అన్నట్టుంటాయి. 1931లోనే దాన్ని జాతీయ కట్టడంగా ప్రకటించారు. హాలీవుడ్ నటి అవా గార్డ్‌నర్ 1950లో అక్కడికి షూటింగుకి వచ్చింది, ఆ గుర్తుగా పైన ఆవిడ కంచు విగ్రహం పెట్టారు. దాని పక్కన ఫొటో దిగకుండా ఎవరూ కిందికి రారు. ఇదంతా బస్సు టికెట్‌తో అయిపోయే పని.

కానీ కోస్టా బ్రావా అంటే టోస్సా ఒక్కటే కాదు. దక్షిణాన బ్లానెస్ నుంచి ఉత్తరాన ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర పోర్ట్‌బౌ దాకా ఉన్న తీరమంతా అదే. 1908లో ఫెర్రాన్ అగుల్యో అనే కవి, పాత్రికేయుడు ఈ పేరు వాడుకలోకి తెచ్చాడు. బ్రావా అంటే మచ్చిక కానిది, మొరటుది. పేరుకి తగ్గట్టే కొండ తిన్నగా నీళ్లలోకి దిగిపోతుంది, పైన్ చెట్లు సముద్రం మీదికి వంగి ఉంటాయి, ఆ కొండల సందుల్లో ఎవరో దాచిపెట్టినట్టు బుల్లి బుల్లి బీచ్‌లు. వాటిని అక్కడ కాలా అంటారు. సా తూనా, ఐగ్వాబ్లావా లాంటివి (రెండోదాని పేరుకి అర్థమే నీలి నీళ్లు). పెద్ద టూరిస్టు బస్సుకి ఆ సన్న దారులు కష్టం, మన టైముకి సరిపడే బస్సులూ తక్కువే. పోనీ కారు అద్దెకి తీసుకుందామా అంటే ఎండాకాలం ఆదివారాల్లో పొద్దున్నే పార్కింగ్ నిండిపోయి, నీలి నీళ్లు అద్దంలోంచి చూస్తూ మూడు చుట్లు తిరిగి వెనక్కి రావాల్సి వస్తుంది. మీరిచ్చే డబ్బు సముద్రానికి కాదు, ఆ దారి తెలిసిన డ్రైవరుకీ, బండి ఎక్కడ పెట్టాలన్న టెన్షన్ మీకు లేకుండా చేసినందుకూ.

అయితే "చిన్న గ్రూపు" అన్న మాట చూసి డబ్బు కట్టేయొద్దు, అంకె అడగండి. యూరప్‌లో మామూలు కారు లైసెన్సు మీద డ్రైవరు కాక ఎనిమిది మందినే ఎక్కించుకోవచ్చు, చాలా ట్రిప్పులు ఎనిమిది దగ్గర ఆగేది అందుకే. పాతిక మందిని కుక్కిన మినీబస్సుని కూడా చిన్న గ్రూపనే అమ్మేవాళ్లున్నారు, దానికైతే మీవారు చెప్పిందే రైటు. అలాగే ఇసుక మీద ఎన్ని గంటలు వదులుతారో అడగండి. ఒకే రోజులో నాలుగు ఊళ్లు అని ఊరించేవాళ్లకి దణ్ణం పెట్టి వచ్చేయండి, ఎక్కడం దిగడంతోనే పొద్దు గూకుతుంది. రెండు చోట్లు చాలు.

ఇంకొక్క మాట. కలెల్యా అనే పేరుతో రెండు ఊళ్లున్నాయి. బార్సిలోనా నుంచి లోకల్ రైల్లో వెళ్లగలిగేది పెద్ద పెద్ద హోటళ్లున్న కలెల్యా. ఫొటోల్లో మీరు చూసే తెల్ల ఇళ్ల పల్లెటూరు కలెల్యా దె పలాఫ్రుజెల్, దానికి రైల్లేదు. మా చుట్టాలబ్బాయి తెలివిగా రైలెక్కి మొదటిదాంట్లో దిగి, "పిన్నీ, ఇక్కడ పడవలూ లేవు, తోరణాలూ లేవు, అన్నీ హోటళ్లే" అని నాకు ఫోను.

ప్రశ్న: అక్కా, మేము డబ్లిన్‌లో ఉంటాం. అమ్మకి 67, మోకాళ్ల నొప్పులు, దానికి తోడు కారెక్కితే వాంతులు. ట్రిప్పు వివరాల్లో "కామి దె రోండా మీద తేలికపాటి నడక" అని ఉంది. తీసుకెళ్లొచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: తేలిక అని రాసినవాడికి పాతికేళ్లు దాటి ఉండవు తమ్ముడూ. ఆ దారి నడవడానికి వేసింది కాదు, గస్తీకి వేసింది. రోండా అంటేనే గస్తీ. దొంగ సరుకు దించే పడవల్ని కనిపెట్టడానికి గార్డులు సముద్రం అంచునే తిరగాలి కాబట్టి, కొండ ఎక్కితే దారీ ఎక్కుతుంది, కొండ దిగితే దారీ దిగుతుంది. కలెల్యా (రైల్లేని ఆ పల్లెటూరు) నుంచి ల్యాఫ్రాంక్ అనే పక్క ఊరికి తాపీగా నడిస్తే అరగంట, చూడ్డానికి చాలా బాగుంటుంది, కానీ మధ్యలో మెట్లున్నాయి. మోకాళ్లకి ఎక్కడం కంటే దిగడమే నరకం, అది నీకు అమ్మే చెప్తుంది.

వెళ్లడం మానక్కర్లేదు. కలెల్యాలో పోర్ట్ బో అని చిన్న రేవుంది. ఒడ్డునే తెల్లటి తోరణాల వరస, ఆ నీడలో కుర్చీలు, ఎదురుగా ఇసుక మీదికి లాగి పెట్టిన చెక్క పడవలు. అక్కడ అమ్మకి ఒక కాఫీ చెప్పి కూర్చోబెట్టి నువ్వు నడిచి రా, ఆవిడకే మంచి సీటు దొరికినట్టు లెక్క. ల్యాఫ్రాంక్ దాకా వ్యాను ఎలాగూ రోడ్డు మీదుగా వెళ్లి అవతల ఎక్కించుకుంటుందంటే ఆవిడని వ్యానులోనే తీసుకెళ్లమని అడుగు. ఎనిమిది మంది ట్రిప్పులో ఇలాంటివి కుదురుతాయి. అక్కడికెళ్లాక కాదు, బుక్ చేసేముందే మెయిల్ పెట్టి ఒప్పించు.

వాంతుల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. టోస్సా నుంచి సాన్ ఫెలియు దె గిషోల్స్‌కి వెళ్లే తీరం రోడ్డు ఇరవై కిలోమీటర్ల చిల్లర, అందులో 365 మలుపులున్నాయని అక్కడివాళ్లు చెప్పుకుంటారు, రోజుకొకటి చొప్పున. నేను లెక్కపెట్టలేదు, లెక్కపెట్టే స్థితిలో లేను. వెనక సీట్లో కూర్చుని ఫోన్లో వీడియో తీస్తున్నా, పదో మలుపు దగ్గర నోట్లో నీళ్లూరడం మొదలైంది. పక్కనున్న జర్మన్ పెద్దావిడ నా మొహం చూసి గబుక్కున తన గడ్డి టోపీ తీసి ఇచ్చింది. నేను దాన్ని వాడేశాను. విసురుకోడానికి ఇచ్చిందని తర్వాత తెలిసింది. కొత్త టోపీ కొనిస్తానంటే ఆవిడ నవ్వి ఊరుకుంది కానీ, ఆ పూటంతా ఆవిడ నెత్తి మీద రుమాలు చూసినప్పుడల్లా నా ప్రాణం చచ్చిపోయింది. అమ్మకి ముందు సీటు అడుగు, మాత్ర ముందే వేయించు, లోపలి రోడ్డున వెళ్లే ట్రిప్పు దొరికితే అదే ఎంచుకో.

ప్రశ్న: మేం శాకాహారులం. లంచ్ ట్రిప్పులోనే కలిపి ఉందట. గుడ్డు కూడా తినం. – హైదరాబాద్ నుంచి ఇద్దరు

జవాబు: లంచ్ లేని ట్రిప్పు తీసుకోండి, డబ్బూ తగ్గుతుంది. అక్కడ కూరగాయల వంటకం అంటే కూరగాయలు ఎక్కువగా ఉన్నదని అర్థం, పంది మాంసం ముక్కలు చల్లినా అది కూరగాయలదే. కూరగాయల పాయెయా (అక్కడి అన్నం వంటకం) అన్నా చేపల రసంతో వండేవాళ్లుంటారు, అడగాల్సిందే. "సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ వెవో" అంటే మాంసం, చేప, గుడ్డు వద్దని, ఈ మూడు ముక్కలూ బట్టీ పట్టండి. ధైర్యంగా తినగలిగేది పా అంబ్ తొమాకెత్, కాల్చిన రొట్టె మీద పండిన టొమాటో రుద్ది, ఆలివ్ నూనె, ఉప్పు వేసి ఇస్తారు. ఎస్కలివాదా అని ఇంకోటి, నిప్పుల మీద కాల్చిన వంకాయ, క్యాప్సికమ్ చీరికలు. మన కాల్చిన వంకాయ పచ్చడిలోంచి మిరపకాయ, చింతపండు, పోపు తీసేస్తే మిగిలేది అదే. చేతి సంచిలో కాస్త కారప్పొడి ఉంటే దాని జాతకం మారిపోతుంది. దాని మీద ఆంచోవీ అనే ఉప్పు చేప పెట్టడం కూడా ఉంది, చూసుకోండి. హోటళ్లలో మధ్యాహ్నం ఒంటిగంట దాటితే గానీ భోజనం మొదలవదు, పన్నెండింటికి ఆకలేసేవాళ్లు పులిహోర కట్టుకెళ్లడమే మేలు.

ప్రశ్న: ఈత రాదు. సూర్యలంకలో మోకాలి లోతులో అల లాగేసినప్పటి నుంచి నాకు సముద్రమంటే భయం. పైగా అక్కడ అందరూ బికినీల్లో ఉంటారు, నేను పంజాబీ డ్రెస్సుతో వెళ్తే వింతగా చూస్తారేమో. – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మిమ్మల్ని ఎవరూ చూడరు, ముందు అది మనసులోంచి తీసేయండి. పైబట్ట లేకుండా పడుకున్నవాళ్లనే అక్కడెవరూ చూడరు. కాకపోతే పంజాబీ డ్రెస్సు తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది, చున్నీ అయితే మరీ ప్రమాదం. ఒంటికి పట్టి ఉండే పొడుగు చేతుల ఈత చొక్కా, లెగ్గింగ్ వేసుకోండి, ఎండకీ మంచిది. తిరిగొచ్చాక మాత్రం ఈత బట్టలతో బార్సిలోనా వీధుల్లో తిరగొద్దు, 2011 నుంచి దానికి జరిమానా ఉంది. సముద్రం ఒడ్డున ఏమీ అనరు, వీధిలో అంటారు.

ఇక భయం సంగతి. మీకు తెలిసిన సముద్రం వేరు, ఇది వేరు. మన దగ్గర అల విరిగి వెనక్కి లాగేస్తుంది, కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. అక్కడ గాలి లేని రోజున కాలాలో నీళ్లు చెరువులా ఉంటాయి. ఆటుపోట్లు కూడా జానెడుకి మించవు. గోదావరి, కృష్ణలాగా మట్టి మోసుకొచ్చి కలిపే మహానదులు ఆ చుట్టుపక్కల లేవు, నీళ్లలో పోషకాలు తక్కువ కాబట్టి పాచీ తక్కువే, అందుకని అడుగున గులకరాయి కూడా కనిపిస్తుంది. ఉప్పు ఎక్కువ, లీటరుకి 38 గ్రాముల దాకా, మన బంగాళాఖాతం కంటే ఎక్కువే. వెల్లకిలా పడుకుంటే నీళ్లే మోస్తాయి, కళ్లలో పడితే మాత్రం కారం కొట్టినట్టుంటుంది.

మోసం ఎక్కడంటే ఆ తేటదనంలోనే. అడుగు కనిపిస్తోంది కదా, నడుము లోతే అనుకుంటాం. చిన్న కాలాల్లో నాలుగడుగులు వేసేసరికి నేల లేకుండా పోతుంది. చేత్తో రాతిని పట్టుకుని, కాలితో తడుముకుంటూ దిగండి. రాళ్ల మీద నల్లగా ముళ్ల బంతుల్లా కనిపించేవి సముద్రపు ముళ్లజీవులు, రబ్బరు చెప్పులు లేకుండా కాలు పెట్టొద్దు. జెండా ఆకుపచ్చగా ఉంటే దిగండి, పసుపైతే ఒడ్డునే, ఎరుపైతే అసలొద్దు. జూన్ మొదట్లో నీళ్లు 19, 20 డిగ్రీలే ఉంటాయి, ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుంటుంది. ఒడ్డున గోధుమరంగు ఆకులు గుట్టలుగా పడుంటే చెత్త అనుకుని ముక్కు మూసుకోకండి, అది పొసిడోనియా అనే సముద్రపు గడ్డి, అది పెరిగే చోట నీళ్లు బాగున్నట్టే. జెల్లీఫిష్ కుడితే మంచినీళ్లు పోయొద్దు, రుద్దొద్దు, సముద్రపు నీళ్లతోనే కడిగి, సంచిలో వేసిన ఐసు పైన పెట్టండి.

ప్రశ్న: ఆగస్టా, సెప్టెంబరా? పోయినసారి గాలి అని పడవ ప్రయాణం రద్దు చేసి, మిగతా ట్రిప్పు జరిగింది కాబట్టి డబ్బులు వెనక్కివ్వం అన్నారు. – ఒక పాఠకుడు, లండన్

జవాబు: సెప్టెంబరు, రెండో ఆలోచన లేదు. నీళ్లలో వేడి ఇంకా ఉంటుంది, జనం ఉండరు. జులై మొదటి శనివారం మాత్రం కలెల్యాలో హవనేరాల కచేరీ జరుగుతుంది, క్యూబా వెళ్లొచ్చిన నావికులు తెచ్చిన పాటలు, 1967 నుంచి నడుస్తోంది. పాటల పిచ్చి ఉంటే అప్పుడు వెళ్లండి, జనాన్ని భరించండి. పడవ విషయంలో తూర్పు గాలి లేస్తే చిన్న పడవలు కదలవు, వాళ్లు ఆపడం సబబే. డబ్బు ఇవ్వకపోవడం సబబు కాదు. పడవకి ఇంత, వ్యానుకి ఇంత అని విడివిడిగా రాసి ఉన్న ట్రిప్పే కట్టండి, అప్పుడు అడగడానికి నోరుంటుంది.

ప్రశ్న: ఏడే ఏడు నిమిషాలు లేటయ్యాం. వ్యాను వెళ్లిపోయింది! కలెల్యాలో తడిబట్టలతో నిలబడ్డాం. ఇదేం పద్ధతండీ? – బెంగళూరు నుంచి ఒక జంట

జవాబు: ఫోను కూడా చేయకుండా వెళ్లడం తప్పే, ఫిర్యాదు రాయండి. కానీ వ్యానులో మిగతా ఆరుగురున్నారు, వాళ్లలో ఎవరికో రాత్రికి ఫ్లయిటు ఉండొచ్చు. అయిదున్నర అంటే అయిదున్నరే అక్కడ, మన పెళ్లి ముహూర్తం కాదు. ఇంకోసారి ఇలా జరిగితే కంగారు పడొద్దు. పలాఫ్రుజెల్ ఊరు అయిదు కిలోమీటర్ల లోపే, టాక్సీలో వెళ్లండి. అక్కడి బస్‌స్టాండు నుంచి బార్సిలోనాకి నేరుగా బస్సుంది, రెండుంబావు గంటల ప్రయాణం. పొద్దున వ్యాను ఎక్కేటప్పుడే డ్రైవరు నంబరు ఫోన్లో ఎక్కించుకోండి, బండి నంబరు ప్లేటు ఒక ఫొటో, చివరి బస్సు టైము ఒక ఫొటో. టాక్సీకి సరిపడా యూరోలు మాత్రం బ్యాగులో కాదు, ఒంటి మీద ఉంచుకోండి, ఎందుకంటే మీ బ్యాగులు ఆ వ్యానులోనే వెళ్లిపోయాయని ఉత్తరం వెనకవైపు రాశారు కదా.