తియ్యటి నల్ల బీరు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: లేబుల్ మీద 'మిల్క్ స్టౌట్' అని చూసి, తియ్యగా ఉంటుందని కొన్నాను. ఫ్రిజ్‌లోంచి తీసి సీసా ఎత్తి తాగితే మాడు చేదు తప్ప తీపి జాడే లేదు. నన్నేమైనా మోసం చేశారంటారా?

జవాబు: లేదండీ, బీరు మంచిదే అయ్యుంటుంది. స్టౌట్ అంటే నల్లగా వేయించిన గింజతో కాచే నల్ల బీరు, మిల్క్ స్టౌట్ అందులో తియ్యటి రకం. నాలుక చల్లబడితే తీపి సరిగా తెలియదు, వాసన పైకి లేవదు. మిగిలేది చేదూ మాడూనే. పల్చటి లేతరంగు బీరైన లాగర్‌కి ఫ్రిజ్ చల్లదనం బాగుంటుంది గానీ స్టౌట్‌కి 10 నుంచి 13 డిగ్రీలుండాలి. బయటికి తీసి అరగంట బల్ల మీద వదిలేయండి. ఎండలు మండే రోజుల్లో పావుగంట చాలు.

ఇక సీసా ఎత్తి తాగడం గురించి. ఆ సన్నటి మూతికి ముక్కు ఆనదు కదా, మరి వాసన ఎలా తెలుస్తుంది? మనం తీపి అనుకునేదాంట్లో సగం ముక్కు పనే. కాస్త బొజ్జున్న వైన్ గ్లాసు తీసుకుని సగం దాకా పోయండి. వెలుతురుకెత్తి చూడండి. కటిక నలుపు అనుకున్నది అంచు దగ్గర ముదురు ఎరుపో, కాఫీపొడి రంగో అయి కనబడుతుంది. నురగ కూడా తెల్లగా ఉండదు, లేత గోధుమరంగులో ఉంటుంది. గ్లాసుని ఒకసారి తిప్పి, దీర్ఘంగా పీల్చకుండా చిన్నచిన్నగా రెండుమూడు సార్లు వాసన చూడండి. చాక్లెట్, కాఫీ, కాల్చిన రొట్టె అంచు, కొన్నిట్లో ఎండు ద్రాక్ష. పేర్లు తట్టకపోతే పోనివ్వండి, ఇదేం పరీక్ష కాదు.

మొదటి గుక్కని నేను లెక్కలో వేయను, అది నోరు కడుక్కోవడానికి. రెండోది నోట్లో కాసేపు ఉంచండి. ముందు చిక్కదనం తెలుస్తుంది, వెనకే తీపి. మింగాక నాలుక మొదట్లో మెల్లగా చేదు లేస్తుంది. నాకు కావలసింది అదే. తియ్యటి బీరుకి నేను మార్కులు వేసేది చేదుని బట్టే. అది సమయానికి వచ్చి తీపిని తుడిచేస్తే మళ్ళీ గ్లాసు ఎత్తబుద్ధవుతుంది. రాకపోతే నాలుగో గుక్కకే మొహం మొత్తుతుంది.

ఆ చేదు కొంత బీరులో వేసే హాప్స్ అనే పూల‌ది, మిగతాది నల్లగా వేయించిన గింజది. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన ఇంగ్లండులో తిరిగే డ్రమ్ములో మాల్టుని (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజని) వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాంతో కొద్దిపాటి నల్ల మాల్టు కలిపితే చాలు, మొత్తం బీరుకి రంగూ మాడు రుచీ వచ్చేవి. మిగతాదంతా మామూలు లేత మాల్టే. అందుకే రంగు చూసి కిక్కు అంచనా వేయకండి. పేరున్న ఐరిష్ స్టౌట్ అయిన గిన్నిస్ డ్రాఫ్ట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే. చాలా తెల్ల లాగర్లు దానికంటే ఘాటైనవి.

ప్రశ్న: ఇందులో నిజంగా పాలు పోస్తారా? నాకు పాలు పడవు. తాగొచ్చా?

జవాబు: పాలు పొయ్యరు, పాలలో ఉండే చక్కెర వేస్తారు. దాన్ని లాక్టోజ్ అంటారు. మామూలు చక్కెరయితే ఈస్టు మొత్తం తినేసి ఆల్కహాల్ చేసేస్తుంది. లాక్టోజ్‌ని విడగొట్టే ఎంజైము బీరు ఈస్టుకి లేదు. అందుకని అది చెక్కుచెదరకుండా గ్లాసు దాకా వస్తుంది. తీపిలో పంచదారకి ఆరో వంతే. అది ఇచ్చే తీపి కంటే చిక్కదనమే ఎక్కువ.

మీ సంగతికొస్తే, ఇంట్లో బీరు కాచేవాళ్ళు 20 లీటర్లకి పావుకిలో నుంచి అరకిలో దాకా వేస్తుంటారు. అంటే అరలీటరు స్టౌట్‌లో 6 నుంచి 12 గ్రాములు. పావులీటరు ఆవుపాలలో ఉండేది కూడా 12 గ్రాముల దరిదాపుల్లోనే. పాలు తాగితే మీకు కడుపు ఉబ్బరిస్తుందంటే ఇది తాగినా అంతే. పాల ఎలర్జీ ఉన్నవాళ్ళు అసలు దీని జోలికి వెళ్ళకూడదు.

మీకు నేను చెప్పే దారి జర్మన్ల డోపెల్‌బాక్. మ్యూనిక్‌లో పౌలానర్ సన్యాసులు ఉపవాస దినాలలో ఆకలికి తట్టుకోవడానికి కాచుకున్న బీరు అది. అందులో లాక్టోజ్ లేదు, తీపంతా మాల్టుదే. మాడు తక్కువ, రొట్టె కమ్మదనం ఎక్కువ. సెలబ్రేటర్, ఆప్టిమేటర్ అంటూ చివర 'ఏటర్' అని ఉంటే చాలామటుకు ఆ జాతే. ఆల్కహాల్ 7 శాతం దరిదాపుల్లోనో, ఆ పైనో ఉంటుంది సుమా, నెమ్మదిగా తాగాలి.

ప్రశ్న: స్టౌట్ తాగితే బలం అనీ, బాలింతలకి మంచిదనీ ఒకాయన వాదిస్తున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. బ్రిటన్‌లో అలాగే చెప్పి అమ్మారు. కెంట్‌లోని హైత్ ఊళ్ళో మెకెసన్ వాళ్ళు 20వ శతాబ్దం తొలి దశకంలో మిల్క్ స్టౌట్ మొదలుపెట్టినప్పుడు, పైంటు బీరులో పది ఔన్సుల పాలకి సరిపడా శక్తి ఉందని లేబుల్ మీద వేసుకున్నారు. 1946లో అక్కడ బీరు పేరులో 'మిల్క్' మాట వాడొద్దన్నారు. మాట పోయినా లేబుల్ మీద పాల క్యాను బొమ్మ మాత్రం ఉండిపోయింది! బాలింతకి పాలు పడాలంటే అడగాల్సింది డాక్టర్ని. ఆ పెద్దమనిషికి బలం కావాలంటే అన్నం తినమనండి.

ప్రశ్న: కేకు, కొబ్బరి, మార్ష్‌మాలో రుచులతో స్టౌట్లు వస్తున్నాయి. మీ అభిప్రాయం?

జవాబు: ముద్దుగా ఉంటాయి, రెండు గుక్కల వరకూ. వెనిల్లా వాసన గుప్పున కొడుతుంది, అడుగున బీరు ఎక్కడుందో వెతుక్కోవాలి. అన్నీ అలాగే ఉంటాయని అనను. మాడు చేదు గట్టిగా నిలబడిన వాటిలో కొబ్బరి కూడా బాగా ఇమడటం చూశాను. ఇవి 10 శాతం దాటడం మామూలే కాబట్టి ఒక సీసా నలుగురు పంచుకోండి. అట్టముక్క తడిసిన వాసనగానీ సోయా సాస్ వాసనగానీ వస్తే సరుకు పాతబడి గాలి తగిలిందని అర్థం. పుల్లగా ఉంటే పాడైపోయినట్టు, సింకులో పారబోయండి.