ఎనిమిది మూలలూ ఒక్కచోట కలవాలంటే

ప్రశ్న: చతురస్రం ఎదురెదురు అంచులు అతికిస్తే అంచు లేని, కానీ అనంతం కాని రెండు డైమెన్షన్ల విశ్వం వస్తుందని చదివాను, అర్థమైంది. అష్టభుజిని అలాగే అతికించాలంటే మాత్రం హైపర్బోలిక్ జ్యామితి (ప్రతిచోటా గుర్రపు జీనులా వంగిన తలం మీది జ్యామితి) కావాలట. కాగితం మీద గీసిన మామూలు అష్టభుజి ఎందుకు పనికిరాదు?

జవాబు: మూలలే ఒప్పుకోవండీ. చతురస్రాన్ని అతికించాక నాలుగు మూలలూ ఒకే బిందువవుతాయి. నాలుగు తొంభైలు 360, సరిగ్గా ఒక చుట్టు. అక్కడ నిలబడినవాడికి తేడా ఏమీ తెలియదు. అష్టభుజిలోనూ ఎనిమిది మూలలూ ఒకే బిందువుకు చేరతాయి, కానీ కాగితం మీద ఒక్కో కోణం 135 డిగ్రీలు, మొత్తం 1080. అంటే ఒక్క బిందువు చుట్టూ మూడు చుట్లు ఇరికించాలి, అక్కడ ముడత పడి తీరుతుంది. 360కి దిగాలంటే ఒక్కో కోణం 45 ఉండాలి. కాగితం మీద బొమ్మను ఎంత పెంచినా, తగ్గించినా కోణం మారదు కదా!

హైపర్బోలిక్ తలంలో మారుతుంది, నాకు ఈ విషయంలో బాగా నచ్చేది ఇదే. అక్కడ చిన్న అష్టభుజి కోణాలు దాదాపు 135 ఉంటాయి, బొమ్మ పెరిగేకొద్దీ సన్నబడుతూ సున్నా వైపు పోతాయి, కాబట్టి మధ్యలో ఎక్కడో ఒక సైజు దగ్గర సరిగ్గా 45 వచ్చి తీరాలి. ఆ సైజులో కత్తిరించి అతికిస్తే ముడత లేని విశ్వం తయారు. వక్రతను (తలం ఎంత వంగిందో చెప్పే సంఖ్య, జీనులా వంగితే రుణం, బంతిలా వంగితే ధనం) -1గా తీసుకుంటే దాని వైశాల్యం 4π, సుమారు 12.57. ఆకారాన్ని ఎన్నో రకాలుగా సాగదీయొచ్చు గానీ, వక్రత అంతటా -1గానే ఉంచితే ఈ వైశాల్యం మాత్రం కదలదు, దాన్ని టోపాలజీయే, అంటే ఎంత సాగదీసినా మారని ఆకార లక్షణాలే, నిర్ణయిస్తుంది.

పుస్తకాల్లో దీన్ని రెండు చిల్లులున్న ఈత ట్యూబులా గీస్తారు. ఆ బొమ్మ టోపాలజీ వరకే నిజం. మన మూడు డైమెన్షన్లలో నునుపుగా ఉన్న ఏ మూసిన ఉపరితలమైనా, కేంద్రం నుంచి అన్నిటికన్నా దూరంగా ఉన్న బిందువు దగ్గర బంతిలా వంగే ఉంటుంది, కాబట్టి అంతటా రుణ వక్రత అసాధ్యం.

లోపల ఉన్నవాడికి బయటి బొమ్మతో పనే లేదు. త్రిభుజం గీసి కొలిస్తే కోణాల మొత్తం 180 కన్నా తక్కువే వస్తుంది, త్రిభుజం పెద్దదైతే లోటూ పెద్దదే. తిన్నగా చూస్తే తన వీపే కనిపించే దిక్కులూ ఉంటాయి. చతురస్ర విశ్వంలో అలాంటి ప్రతిబింబాలు గళ్ల కాగితంలా వరుసగా ఉంటాయి, ఇక్కడైతే దూరం ఒక్కో యూనిట్ పెరిగినప్పుడల్లా వాటి సంఖ్య సుమారు 2.7 రెట్లవుతూ పోతుంది.