హెడర్‌లోని కాన్‌స్టంట్ విలువను బిల్డ్ స్క్రిప్టులో ఎలా చదవాలి?

గుంటూరులో మీ ల్యాప్‌టాప్ మీద ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న బోర్డుకు బిల్డ్ చేస్తూ, హెడర్ ఫైల్‌లోని పాత్_మ్యాక్స్ (ఫైల్ పాత్ పొడవుకు పరిమితి) విలువ స్క్రిప్టులోకి ఎలా తెచ్చుకోవాలని అడిగారు. చిన్న ప్రోగ్రామ్ రన్ చేసి చూద్దామంటే కుదరదు, బోర్డు కోసం తయారైంది ల్యాప్‌టాప్‌లో నడవదు కదా. ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్‌నూ నమ్మలేం. విలువ ఇంకో హెడర్‌లో ఉండొచ్చు, పైగా లినక్స్‌లో అది 4096, మ్యాక్‌లో 1024.

బిల్డ్ టూల్స్ అయిన మెసన్‌లో కంప్యూట్_ఇంట్, ఆటోకాన్ఫ్‌లో ఏసీ_కంప్యూట్_ఇంట్ వాడండి. మీలా ఒక మెషీన్ మీద వేరే రకం మెషీన్ కోసం చేసే క్రాస్ బిల్డ్‌లో ఇవి దేన్నీ రన్ చేయవు. "విలువ ఇంతకంటే ఎక్కువా?" అని కంపైలర్‌నే అడుగుతాయి. జవాబు 'కాదు' అయితే, పరీక్ష కోసం రాసిన అర్రే సైజు మైనస్‌లోకి వెళ్లి కంపైల్ ఆగిపోతుంది. అలా పరిధిని సగానికి సగం తగ్గించుకుంటూ అసలు అంకె పట్టేస్తాయి. నాకు చాలా నచ్చిన పద్ధతి ఇది!

ఈనమ్ (పేర్లు పెట్టిన పూర్ణాంకాల జాబితా) విలువలకూ ఇదే పనిచేస్తుంది. మెసన్‌లోని గెట్_డిఫైన్ మాత్రం మాక్రోలకే, అంటే హ్యాష్ డిఫైన్‌తో ఇచ్చిన పేర్లకే.