కోడిపిల్లలకు బల్బు వేడి ఎప్పుడు ఆపేయాలి? ముందు వాటి రెక్క ఎత్తి చూడండి

నెల నిండిన పిల్లలున్నాయి, పగలు బల్బు లేకపోయినా హాయిగా తిరుగుతున్నాయి, రాత్రి ఆపితే మాత్రం ఒకటే గోల, ఇంకా వేడి కావాలా అని మీరు అడిగారు. పిల్లలు పెంచే ప్రతివాళ్లకూ ఈ టెన్షన్ వస్తుంది. నన్నడిగితే మీ పిల్లలు ఏడుస్తున్నది చీకటికి. చలి సంగతి తర్వాత చూద్దాం.

మీ ప్రశ్న కింద ఇప్పటికే ముగ్గురు పట్టిక పెట్టేశారు. మొదటి వారం 35 డిగ్రీలు, అక్కడినుంచి వారానికి మూడేసి తగ్గించుకుంటూ 21 దాకా రావాలి, ఆ తర్వాత వేడి అక్కర్లేదు. పట్టికలో తప్పేమీ లేదు. అయితే ఆ లెక్క పిల్ల నిలబడే చోట, దాని వీపు ఎత్తులో చూడాల్సింది. థర్మామీటర్ గోడకి, మన కళ్ల ఎత్తున తగిలించుకుని చూస్తే ఆ అంకె మనకి పనికొస్తుంది గానీ పిల్లలకి కాదు. ఇంకో రకం వాళ్లుంటారు. మిట్టమధ్యాహ్నం గదిలోనే 33 ఉంటుంది, పిల్లలు నోళ్లు తెరిచి రొప్పుతూ, రెక్కలు దూరంగా పెట్టుకుని గోడ వారగా పడుంటాయి, అయినా బల్బు వెలుగుతూనే ఉంటుంది. ఏమిటంటే ఇంకా మూడో వారమేనట! పట్టికలు రాసేవాళ్లెవరూ ఒక్క రాత్రయినా పిల్లల దగ్గర కూర్చోలేదని నా గట్టి నమ్మకం.

వయసు కంటే ఈకలు నమ్మదగినవి. పుట్టినప్పుడు ఒంటి మీద ఉండే నూగు పెద్దగా వేడిని ఆపలేదు, పైగా మొదటి రెండు వారాల్లో ఒంటి వేడిని నిలబెట్టుకునే శక్తి కూడా పిల్లకి సరిగ్గా రాదు. ముందు రెక్కల ఈకలు వస్తాయి, తర్వాత తోక, భుజాలు, ఆపైన వీపు, రొమ్ము. తల, మెడ అన్నిటికంటే చివర. మనం మోసపోయేది ఇక్కడే. మూడు వారాల పిల్ల రెక్కలు ముడుచుకుని నిలబడితే ఆ రెక్కలే వీపునంతా కప్పేస్తాయి, చూసేవాళ్లకి ఒళ్లంతా ఈకలు వచ్చేసినట్టే ఉంటుంది. చేతిలోకి తీసుకుని రెక్క ఎత్తండి. లోపల పొట్ట పక్కన నూగే ఉందా, ఈక దిగిందా? వీపు మీద ఒకసారి గట్టిగా ఊదండి, చర్మం బోసిగా కనిపిస్తే ఇంకా టైముంది. మామూలుగా ఇదంతా పూర్తయ్యేసరికి అయిదారు వారాలు పడుతుంది. లెగ్‌హార్న్ లాంటి తేలిక జాతులకి త్వరగా వస్తాయి, కొన్ని బరువు జాతులకి ఆలస్యం. ఒకే రోజు పుట్టిన పిల్లల్లోనే తేడాలుంటాయి. అందుకే ముందున్నదాన్ని చూసి సంబరపడకుండా, గుంపులో అన్నిటికంటే వెనకబడిన పిల్లని చూసి నిర్ణయించాలి.

ఇక చీకటి సంగతి. మా వెనక గదిలో ఓ పాతిక పిల్లల్ని పెంచుతున్నప్పటి మాట. అయిదో వారం నడుస్తోంది. రెక్కల కింద కూడా ఈకలు దిగాయి, పగలంతా బల్బు ఆపేసే ఉంటోంది. సరే, ఇక రాత్రి కూడా ఆపేద్దామని స్విచ్ నొక్కి వచ్చి పడుకున్నాను. కాసేపు చడీచప్పుడు లేదు. తర్వాత మొదలెట్టాయి చూడండి, కియ్యో కియ్యోమని ఇల్లంతా లేచిపోయేట్టు! ఫోన్ లైటు వేసుకుని వెళ్తే అన్నీ ఒకే మూలన గుట్టగా పడి, ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి. మా పిన్ని గుమ్మంలో నిలబడి ఒకటే గొడవ, "ఒరే, చలికి చచ్చిపోతున్నాయిరా పాపం, ఆ బల్బు వెయ్యరా" అని.

పిల్లల ఎత్తులో కట్టిన థర్మామీటర్ 26 చూపిస్తోంది. ఆ వయసుకి 23 ఉన్నా చాలు. ఆ గుట్టలో చెయ్యి పెడితే లోపల వేడి సెగ కొడుతోంది. ఒక పిల్లని బయటికి లాగి దాని కాళ్లు నా చెంపకి ఆనించుకున్నాను. చలేసిన పిల్ల కాళ్లు చల్లగా తగులుతాయి, ఇది పదిమంది పట్టికలకంటే మేలైన పరీక్ష. దాని కాళ్లు వెచ్చగా ఉన్నాయి. ఇంకో సంగతి కూడా అప్పుడే గమనించాను. నేను లైటు పట్టుకుని నిలబడ్డంతసేపూ గోల తగ్గింది, రెండు మూడు పిల్లలైతే తీరిగ్గా మేత దగ్గరికి నడిచాయి. ఫోన్ అటు తిప్పగానే మళ్లీ కేకలు. చలయితే ఫోన్ లైటుకి తగ్గుతుందా?

పెద్ద బల్బు జోలికి పోకుండా, గదిలో అవతలి మూల ఒక జీరో బల్బు పెట్టాను. దాని వేడి ఇక్కడికి వచ్చే ప్రశ్నే లేదు. గుట్ట మెల్లగా విడిపోయింది, తలా ఒక చోట చూసుకుని పడుకున్నాయి. "చూశావా, నేను చెప్పలే బల్బు వెయ్యమని" అని పిన్ని వెళ్లి పడుకుంది. ఇప్పటికీ ఆ పిల్లల్ని తనే కాపాడానని చెబుతుంది.

కారణం ఆలోచిస్తే చిన్నదే. తల్లికోడి కింద పెరిగే పిల్లకి మొదటి రోజు నుంచీ చీకటి అలవాటు, వెచ్చదనం దొరికేదే ఆ చీకట్లో. మనం బల్బు కింద పెంచిన పిల్ల పుట్టాక చీకటన్నదే చూడలేదు. ఉన్నట్టుండి కళ్లు కనపడకపోతే హడలిపోదా? హడలితే మూలకి తోసుకుంటాయి, అడుగున పడ్డవాటికి ఊపిరాడదు. పొద్దున్నే రెండు చచ్చి కనిపిస్తే "చలికి పోయాయి" అనుకుని ఇంకో రెండు వారాలు బల్బు వేస్తారు. ఆ చావుకి కారణం తొక్కిడి. మూలల్లో అట్టముక్కలు గుండ్రంగా వంచి పెట్టండి, చిన్న వెలుతురు ఉంచి దాన్ని కొన్ని రాత్రుల్లో తగ్గించుకుంటూ రండి.

"మా తాతల కాలంలో బల్బులున్నాయా" అనేవాళ్లకి ఒక మాట. బల్బు లేదు, తల్లికోడి ఉంది కదండీ! అయిదు నుంచి ఎనిమిది వారాల దాకా అది పిల్లల్ని వదలదు. పగలు అవి దూరదూరంగా తిరుగుతాయి, చలేసినప్పుడు పరిగెత్తుకొచ్చి దూరతాయి, ఆ దూరడం రోజురోజుకీ తగ్గుతుంది. రాత్రి పడక మాత్రం చివరిదాకా దాని కిందే. మనమూ పగలు ముందు, రాత్రి తర్వాత మానిపించడం అక్కడ నేర్చుకున్నదే.

నిజంగా చలేస్తే ఎలా ఉంటుందంటే, వెలుతురు ఉన్నా గోల ఆగదు, మేత ముట్టవు, పడుకోకుండా ఒకదానికొకటి ఒత్తుకుని నిలబడతాయి. అన్నీ ఒకే పక్కకి చేరితే ఎదుటి పక్కనుంచి గాలి కొడుతోందని. అలా కాకుండా ఒక్క పిల్ల మాత్రమే ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని విడిగా నిలబడి, మిగతావి హుషారుగా ఉంటే అది జబ్బు. మూడు నుంచి ఆరు వారాల మధ్య కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు ఎక్కువగా వస్తుంది, రెట్టలో రక్తం ఉందేమో చూసి పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. బల్బు వేస్తే తగ్గేది కాదది.

అడగకపోయినా ఇంకోటి చెప్పాలి. అరడజను పిల్లలకి 250 వాట్ల బల్బు, అదీ అట్టపెట్టెలో, ఎండు ఊక మీద, కరెంటు వైరుతోనే వేలాడదీసి! ఫోటోలు పెడుతుంటారు కూడా. వైరు జారి ఊకలో పడితే ఇల్లే అంటుకుంటుంది. గొలుసుతో కట్టండి, అది ఊడినా పడకుండా ఇంకో కట్టు వేయండి. హీట్ ప్లేటు (పిల్లలు కిందికి దూరి పడుకునే, వెలుతురు లేని వేడి పలక) దొరికితే ఇంకా మంచిది, దాని కింద చీకటి కూడా అలవాటవుతుంది.

మీ పిల్లల మాటకొస్తే, రెక్క కింద ఈక దిగి, రాత్రి గదిలో 20 పైనే ఉంటే, ఊక పొడిగా ఉండి గాలి నేరుగా కొట్టకపోతే ఈ రాత్రే వేడి ఆపేయొచ్చు, చిన్న లైటు మాత్రం ఉంచండి. గది 15కి పడిపోయేట్టయితే ఇంకో వారం పది రోజులు రాత్రి పూట వేయండి. వేడి మానిపించిన రోజే బయటి గూటికి మార్చకండి, ఒకటి అలవాటయ్యాక రెండోది. బల్బు కూడా వెంటనే అటక మీదకి ఎక్కించేయొద్దు. ముసురు పట్టి పిల్లలు తడిశాయంటే ఎన్ని ఈకలున్నా పనిచేయవు, అవి ఆరేదాకా దానితో పనుంటుంది.