సిస్టర్స్ ఆఫ్ మెర్సీ పైకొచ్చింది రేడియో సెషన్ల వల్లేనా?

పెద్ద కంపెనీ అండ లేకుండా సిస్టర్స్ ఆఫ్ మెర్సీ లాంటి గోథిక్ రాక్ (చీకటి, విషాదం నిండిన రాక్ సంగీతం) బ్యాండ్‌కి అంత పేరెలా వచ్చింది, బీబీసీ రేడియోలో కొత్త బ్యాండ్ల పాటలు వేసే డీజే జాన్ పీల్ షో వల్లేనా అని అడిగారు. సగం అవును, మిగతా సగం వాళ్ళ మొండితనం.

1980లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఆండ్రూ ఎల్డ్రిచ్, గ్యారీ మార్క్స్ కలిసి బ్యాండ్ పెట్టిందే తమ పాట రేడియోలో వినాలన్న ముచ్చటతో. మొదటి సింగిల్‌ని (ఆల్బమ్ కాకుండా ఒకటి రెండు పాటలతో వచ్చే చిన్న రికార్డు) మెర్సిఫుల్ రిలీజ్ అనే సొంత రికార్డు లేబుల్ మీద వేసుకున్నారు, పీల్ దాన్ని తన షోలో వేశాడు కూడా. ఆ సింగిల్ మాత్రం అంతంతమాత్రం, నేనైతే రెండోసారి పెట్టుకోను. అప్పట్లో డ్రమ్స్ వాయించింది ఎల్డ్రిచ్చే. తర్వాత ఆయన మైకు పట్టుకుని, డ్రమ్స్ పని ఒక మెషీన్‌కి అప్పగించి, దానికి డాక్టర్ అవలాంచ్ అని పేరు పెట్టాడు. క్రెయిగ్ ఆడమ్స్ బేస్ గిటార్ దానికి తోడయ్యాకే అసలు సౌండ్ కుదిరింది.

ఇక సెషన్ల సంగతి. రికార్డులు ఎన్ని గంటలు వెయ్యొచ్చనే దానిమీద అప్పట్లో బీబీసీకి పరిమితి ఉండేది. అందుకని బ్యాండ్లని లండన్‌లోని మైదా వేల్ స్టూడియోకి పిలిచి, పాటలు కొత్తగా వాయించి రికార్డు చేసేవాళ్ళు. మామూలుగా నాలుగు పాటలు, మిక్సింగ్‌తో సహా ఒక్క రోజులో అయిపోవాలి. స్టూడియో అద్దె కట్టుకోలేని కుర్రాళ్ళకి మంచి స్టూడియో, పైగా చేతికి ఫీజు!

కాలేజీ రోజుల్లో మా గ్రూపు విశాఖ ఆకాశవాణిలో యువవాణికి పాడింది కాబట్టి ఆ టెన్షన్ నాకు కొంత తెలుసు. ఎర్ర లైటు వెలిగాక ఎవరు తప్పినా మళ్ళీ పల్లవి నుంచే, గాజు అవతల ఇంజినీరుగారు గడియారం చూస్తుంటారు, మా తర్వాత పాడాల్సిన హరికథ బృందం వరండాలో కూర్చుని ఉంది. రిహార్సల్‌లో తెగ మురిసిపోయి సాగదీసిన ఇంటర్‌లూడ్‌ని అక్కడికక్కడే కోసేశాం, పాట బాగుపడింది.

1982 సెప్టెంబర్‌లో ప్రసారమైన వాళ్ళ మొదటి పీల్ సెషన్ విన్నప్పుడల్లా నాకదే అనిపిస్తుంది, ఎక్కడా కొవ్వు లేదు. డ్రమ్ మెషీన్ కాబట్టి డ్రమ్స్‌కి మైకులు పెట్టి బ్యాలెన్స్ చూసుకునే గోలా లేదు. ఆలిస్ పాట సింగిల్‌గా రాకముందే ఈ సెషన్‌లో జనం విన్నారు, అంటే కొనేవాళ్ళు ముందే తయారయ్యారు. 1983లో బీబీసీలోనే ఇంకో డీజే కిడ్ జెన్సెన్ షోకి వెళ్ళి, ఈ నల్ల బట్టల బ్యాచ్ అమెరికన్ కంట్రీ గాయని డాలీ పార్టన్ పాట జోలీన్ పాడారు! 1984లో మళ్ళీ పీల్ దగ్గరికి వెళ్ళేసరికి గిటార్ మీద బెన్ గన్ బదులు వేన్ హస్సీ ఉన్నాడు, ఆ సెషన్‌లో హాట్ చాకొలెట్ అనే బ్రిటిష్ బ్యాండ్ వాళ్ళ పాట ఎమ్మాని పాడిన తీరు వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

కానీ సెషన్ చేసిన ప్రతి బ్యాండూ పైకి రాలేదు. పీల్ దగ్గర వాయించి జాడలేకుండా పోయినవాళ్ళు బోలెడుమంది. వీళ్ళు మధ్యలో ఖాళీగా కూర్చోలేదు, సొంత లేబుల్ మీదే వరసగా రికార్డులు వదిలారు, ఊరూరా తిరిగి వాయించారు. డబ్ల్యూఈఏ అనే పెద్ద రికార్డు కంపెనీ తోడయ్యాక 1985 మార్చిలో మొదటి ఆల్బమ్ వచ్చి బ్రిటన్ చార్టులో 14వ స్థానం దాకా వెళ్ళింది. రేడియోనే దారి చూపించిన కేసు కావాలంటే సూక్సీ అండ్ ద బాన్షీస్ అనే ఇంకో బ్రిటిష్ బ్యాండ్‌ని చూడండి, 1977 నవంబర్‌లో ఏ కంపెనీ కాంట్రాక్టూ లేకుండానే పీల్ సెషన్ చేశారు, 1978లో పాలిడార్ రికార్డు కంపెనీ తీసుకుంది, మొదటి సింగిలే 7వ స్థానానికి ఎక్కింది.

వినాలనుంటే సిస్టర్స్ బీబీసీ సెషన్లన్నీ కలిపి 2021లో ఒకే రికార్డుగా వచ్చాయి. అందులో ఫ్లోర్‌షో అనే పాటతో మొదలుపెట్టండి, ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, బేస్ మొత్తం పోతుంది. ఇంకోటి, ఎల్డ్రిచ్ అభిమానుల దగ్గర గోథ్ బ్యాండ్ అని నోరు జారకండి, ఆయనకి ఆ ముద్రంటే అస్సలు పడదు.