క్లారినెట్ రీడ్లు కొనాలా, ఇంట్లోనే చెక్కుకోవాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. పెళ్లిళ్లకు బ్యాండు మేళం నడుపుతాను. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, నాతోపాటు క్లారినెట్ వాయిస్తాడు. ఎయిర్‌ఫోర్స్ బ్యాండులో చేరాలని వాడి పట్టుదల. రీడ్లకు, అంటే ఊదే చోట బిగించే పలచని ముక్కలకు, ఖర్చు ఎక్కువవుతోందని ఇంట్లోనే చెక్కడం నేర్చుకుంటానంటున్నాడు. రేపు అదే బతుకుదెరువు కూడా అవుతుందంటాడు. సరే అనమంటారా?

జవాబు: ఈ ఏడాదికి వద్దండీ. కొనివ్వండి.

రీడుకు మన వెదురు పనికిరాదు. అరుండో డోనాక్స్ అనే రెల్లు జాతి మొక్క కావాలి. ఫ్రాన్సు దక్షిణాన వార్ ప్రాంతపు పంటకు పేరెక్కువ. రెండేళ్లు పెరిగాక కోసి, ఎండబెట్టి, మాగనిచ్చి, ఆ తర్వాతే చీలుస్తారు. అడుగు పూర్తిగా చదునుగా రావాలి, కొన 0.1 మిల్లీమీటరు మందానికి దిగాలి. చెయ్యి తిరిగేదాకా పాడయ్యే ముక్కలే ఎక్కువ. ఓబో, బసూన్ అనే ఊదే వాద్యాల కళాకారులు చాలామంది సొంతంగా చేసుకుంటారు గానీ క్లారినెట్ వాళ్లు దాదాపు అందరూ కొనేవాళ్లే.

అయితే మీవాడి ఆసక్తిని చంపకండి. కొన్న రీడును సరిచేయడం నేర్పండి, ఖర్చు అక్కడే తగ్గుతుంది. పది రీడ్ల పెట్టెలో అన్నీ ఒకేలా పలకవు. మౌత్‌పీస్‌ను కొంచెం ఒక పక్కకు తిప్పి వాయిస్తే రీడులో ఏ పక్క బిగుసుగా ఉందో తెలుస్తుంది. ఆ పక్కన సన్నని గరుకు కాగితంతో రెండు మూడుసార్లు మాత్రమే గీకాలి. అడుగు వంగితే అద్దం ముక్క మీద కాగితం పరిచి రుద్దాలి. రోజూ ఒకే రీడు వాడకుండా మూడు నాలుగు మార్చి మార్చి వాడితే ఎక్కువ కాలం వస్తాయి. మన నల్గొండ ఎండలకు ఊరేగింపు మధ్యలోనే కొన ఎండి అలలు తేలుతుంది కాబట్టి వాయించే ముందు తడపాలి, ఆపగానే డబ్బాలో పెట్టాలి.

మిగతా సమయమంతా నోటేషన్‌కే, అంటే రాసి ఉన్న స్వరాలు చూసి వాయించడానికే ఇవ్వాలి. మేళంలో చెవితో పట్టి వాయించే పిల్లలు ఎంపికలో తడబడేది అక్కడే, ఇది నేను గట్టిగా చెబుతున్నాను. ఎయిర్‌ఫోర్స్‌లో అగ్నివీర్ వాయు మ్యూజిషియన్ పోస్టుకు పదో తరగతి చాలు. సంగీత పరీక్షతోపాటు 1.6 కిలోమీటర్ల పరుగు కూడా ఉంటుంది. వయసు నిబంధన మాత్రం తాజా నోటిఫికేషన్‌లో చూసుకోండి. అది నాలుగేళ్ల కొలువు, ఆ తర్వాత కొనసాగించేది 25 శాతం మందిలోపే. కాబట్టి చేతిలో ఇంకో పని ఉండాలన్న మీవాడి ఆలోచన మంచిదే.

ఆ పని రీడ్లు చెక్కడం కంటే వాద్యాల రిపేరు అయితే మేలు. రంధ్రాలు మూసే ప్యాడ్లు మార్చడం, కార్కు అతికించడం, స్ప్రింగులు సరిచేయడం. సూర్యాపేట నుంచి దేవరకొండ దాకా గాలి పోయే పాత క్లారినెట్‌లతోనే నెట్టుకొస్తున్న మేళాలు ఎన్నున్నాయో మీకే బాగా తెలుసు. ముందుగా మీ ఇంట్లో మూలనపడ్డ వాద్యం ఒకటుంటే దాన్ని విప్పి బిగించమనండి.